చలికోటు

ఉకారా దీవి రేవులో, రేకుల నీడన
నా కుట్టుమిషను.
బడి చొక్కాలు కుడతాను, పెళ్ళి గౌన్లు కుడతాను,
చిరిగిన తెరచాపకి మాసికలేస్తాను.
మూడేళ్ళనుంచీ ఇంకోటి కూడా:
మనిషిని నీళ్ళమీద తేల్చే చొక్కా.

మ్వాంజా బజారు నుంచి నారింజరంగు గుడ్డ.
లోపల పాత చెప్పుల నురగముక్కలు,
మూత బిగించిన ఖాళీ సీసాలు,
వెన్నుకి రెండు, రొమ్ముకి ఆరు.
మెడ వెనక ఒక మెత్త,
తెలివి తప్పినా మొహం ఆకాశంవైపే ఉండాలని.

ఎవరు కొన్నారు గనక!
"ఇది తొడుక్కోవడమంటే
మునగడానికి ముహూర్తం పెట్టుకోవడమే వదినా"
అని నవ్వేవాడు మసాతు, మా చెల్లెలి మొగుడు.
ఊరికే ఇచ్చానొకటి.
మడిచి తలకింద పెట్టుకున్నాడు.
దిండు బావుందని మర్నాడు చెప్పాడు కూడా.

మీకీ నీళ్ళు తెలీవు.
సముద్రం కాదు, ఉప్పుండదు.
అవతలి గట్టూ ఉండదు.
వెన్నెల లేని రాత్రుల్లోనే వేట.
చెక్కపడవలో నలుగురు,
చుట్టూ తెప్పలమీద దీపాలు,
దీపాల కింద డగా చేపలు,
వేలెడంతైనా ఉండవు, వెండి పొట్టు ముసిరినట్టుంటాయి.
ఇటునుంచి చూస్తే నీళ్ళమీద ఊరు వెలిసినట్టే.
ఆ ఊళ్ళో ఒక్క దీపం ఆరిందా,
గట్టుమీద ఆడవాళ్ళం
లెక్క మళ్ళీ మొదట్నుంచి పెడతాం.

పళ్ళూడిన మగేసా తాత
పడవలు దిగేవేళ రోజూ గొణుగుతాడు:
వల లాగేప్పుడు అందరూ ఒకే పక్కకి ఒరగొద్దురా.
అలకి ముక్కు చూపించు, డొక్క చూపించకు.
దక్షిణాన మెరిస్తే వల కోసెయ్,
వల మళ్ళీ అల్లుకోవచ్చు.
తోడే డబ్బా ఏదీ? తాడు కట్టావా?
బోల్తాపడితే పడవని వదిలి ఈదకు,
గట్టు దగ్గరే అనిపిస్తుంది,
రాత్రిపూట దీపమెప్పుడూ దగ్గరే అనిపిస్తుంది.

తలలూపుతారు.
ఫోన్ని మాత్రం రెండు సంచుల్లో చుట్టి
పంటితో బిగించి ముడేస్తారు.
ఫోను తడవకూడదు.
మనిషైతే తడిసినా ఆరతాడు కదా.

పోయిన వానల్లో, ఒక అమావాస్య,
గాలి ఒక్కసారిగా మొహం తిప్పింది.
నేను ఇరవై మూడు దాకా లెక్కపెట్టాను.
మళ్ళీ పెడితే పదహారు.
మళ్ళీ పెట్టలేదు.

తెల్లారాక పక్క దీవివాళ్ళు
జమ్ముపొదల్లో నారింజరంగు చూశారు.
ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన గుమ్మడికాయ అనుకున్నారట.
బ్విరే. పదహారేళ్ళవాడు, మసాతు పడవలో చిన్నోడు.
"ఎవరు తొడుక్కోమన్నారురా?" అడిగాను.
"ఎవరూ అనలేదు. చలేసింది.
బాబాయి ఆ రాత్రి పడుకోలేదు,
దిండు ఖాళీగా ఉంది."

మసాతు మూడోరోజున వచ్చాడు.
నడుముకి కట్టుకున్న సంచి విప్పితే
ఫోను పొడిగా ఉంది.
అప్పటికి చార్జింగు చచ్చింది. పెడితే వెలిగింది.
అందుకోని పిలుపులు పదకొండు,
అన్నీ మా చెల్లెలివే.

నా బల్లమీద "ప్రాణం కాపాడే చొక్కాలు" అని ఉండేది.
సున్నం కొట్టేశాను.
"చలికోట్లు" అని రాశాను, పెద్ద అక్షరాలతో.
సిగరెట్లకో జేబు పెట్టాను.
రాత్రిగాలి రొమ్ముకి తగిలితే దగ్గు పట్టుకుంటుంది బాబూ, అంటాను.
మునగడం మాట ఎత్తను.
కొంటున్నారు. బేరమాడి మరీ.
మగేసా తాతకి తెలుసు, నవ్వడు,
దారం ఉండలు తెచ్చిస్తాడు.

నిన్న బ్విరే వచ్చాడు. పాతది బిగుతైందట.
మళ్ళీ వెళ్తున్నావా అని అడగలేదు,
వాడింట్లో ఇంకేం పని ఉంది గనక.
చేతులెత్తు, అన్నాను.
టేపు రొమ్ముచుట్టూ తిప్పి
ఊపిరి పీల్చు, అన్నాను.
ఇంకా. ఇంకా.
ఆ కొలతే రాసుకున్నాను.